ఆపి ఉంచిన కబుర్లు

సుభాషిణి ఉద్యోగం కబుర్లు ఏరడం. పేపర్లు, చానళ్లు, ఊరికొకటిగా పుట్టుకొచ్చే వార్తల సైట్లు, నలుగురు కూడా చదవని బ్లాగులు, అన్నీ కలిపి పదిహేడు వేల చోట్ల నుంచి వచ్చి ఆమె ముందున్న తెర మీద పడేవి. అందులోంచి ఎవరికి ఏది నచ్చుతుందో ఏరి వాళ్ల ఫోన్లకు జతచేసేది. నాటుకోళ్ల జబ్బుల గురించి ఓపిగ్గా రాసే పశువైద్యుణ్ని ఆమే పట్టుకుంది. పాత రేడియోలు విప్పి ఫొటోలు పెట్టే అనకాపల్లి పెద్దాయన్ని కూడా ఆమే కనిపెట్టింది. ఇంత వెతికే మనిషి తన ఫోన్లో మాత్రం మూడే బ్లాగులు ఉంచుకుంది. మూడూ తన పనికి సంబంధించినవే. మిగతావి చదవడానికి తీరిక ఏదీ అనేది. ఆమె చేసిన పొరపాట్లలో అది మొదటిది, అన్నిట్లోకీ చిన్నది కూడా.

ఆ గురువారం ఉదయం మధురవాడలో ఆమె పనిచేసే ప్రయోగశాలలో మాడుగుల హల్వా పంచారు. తెప్పించింది మార్తాండరావు. ప్రయోగశాల ఆయనదే, అక్కడ తయారైన యంత్రానికి 'వేళ' అనే పేరు కూడా ఆయన పెట్టిందే. గోడ మీద తెరలో కొన్ని గీతలు బాగా కిందికి దిగుతున్నాయి.

“చూశారా, యాభై రెండు, యాభై, నలభై ఎనిమిది,” అన్నాడు ఆయన హల్వా వేళ్లకంటకుండా పట్టుకుంటూ. “నిమిషానికి ఇన్నిసార్లే కొట్టుకుంటోంది గుండె. మూడు వారాల్లో ఇంత ప్రశాంతత ఎక్కడైనా చూశారా?”

'వేళ' చేసే పని చెప్పుకుంటే చాలా సులువు. ఫోను అద్దం మీద బొటనవేలు పెట్టగానే అది నాడి పట్టుకుంటుంది. మొదటి నెలంతా ఆ మనిషి నాడి మామూలుగా ఎలా ఉంటుందో నేర్చుకుంటుంది. తర్వాత ఏ కబురైనా గుండె అదిరేలా ఉందనుకుంటే వెంటనే చూపించదు. నాడి తన మామూలు లెక్కలో ఉన్నప్పుడు, మనిషి కుదురుగా ఉన్నప్పుడు, మెల్లగా ముందుకు తెస్తుంది. అందాకా ఆపుతుంది, చూపించబోయే వేళకు నాడి ఏ కాస్త కదిలినా మళ్లీ వెనక్కి పెట్టి నెలలైనా ఆపుతుంది. ఒకసారి గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డ రెండు వందల పదహారు మంది ఫోన్లలో దాన్ని పెట్టి ఎనిమిది నెలలు అయింది. షరతు ఒకటే. పేపరు చదవకూడదు, టీవీలో వార్తలు చూడకూడదు. లోకం నుంచి ఏ కబురు రావాలన్నా 'వేళ' గుండానే రావాలి. అందరూ సంతకాలు పెట్టారు. ఈ ఎనిమిది నెలల్లో వార్త చూసి ఆసుపత్రికి పరుగెత్తినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ రెండు వందల పదహారు మందిలో సుభాషిణి తండ్రి దాలినాయుడు ఒకడు. ఓడరేవులో ముప్పై ఏళ్లు క్రేను నడిపి రిటైరైన మనిషి. మూడేళ్ల కిందట బస్‌స్టాపులో నిలబడి ఫోను చూస్తుంటే, క్రేను కూలిపోతున్న వీడియో ఒకటి ఎదురైంది. లోపలున్నది ఆయనతో పాతికేళ్లు పనిచేసిన మనిషి. దాలినాయుడు అక్కడే రోడ్డు మీద కూలబడ్డాడు. ఆ కబురు ఒక్క పది నిమిషాలు ఆగి, ఇంట్లో ఉండగా వచ్చుంటే ఎంత బాగుండేదని సుభాషిణి ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. అందుకే ఈ ఉద్యోగంలో చేరింది.

అసలు 'వేళ'కు మూలం కూడా ఆమె చెప్పిన మాటే. ఆమె చిన్నప్పుడు సాలూరు నుంచి పెదనాన్న పోయాడని టెలిగ్రాం వస్తే, అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో దాచి, డ్యూటీ నుంచి వచ్చిన నాన్నకు కడుపునిండా అన్నం పెట్టి, అప్పుడు చెప్పింది. ఆ సంగతి వినగానే మార్తాండరావు కుర్చీలోంచి లేచి నిలబడి, మనకు కావలసింది ఇదే అన్నాడు.

ఇప్పుడు ఆయన గోడ దగ్గరికి వెళ్లి ఒక గీతను వేలితో చూపించాడు. గుండె వేగం తగ్గించే తెల్లమాత్ర వాడేవాళ్లు తొమ్మిది మంది. వాళ్ల గీతలు విడిగా ఒక చోట పెట్టారు. ఎనిమిది గీతలు దిగుతుంటే తొమ్మిదోది మాత్రం పైకి పోతోంది.

“అందరిలోకీ మీ నాన్నగారే కాస్త కలవరంగా ఉన్నారమ్మా,” అన్నాడు. “అరవై ఎనిమిది ఉండే మనిషి ఎనభై దగ్గర తిరుగుతున్నారు. ఇంట్లో ఏమైనా గొడవా?”

“ఏం లేదు సార్,” అంది సుభాషిణి. ఆమెకు చచ్చేంత సిగ్గేసింది. ఊళ్లో వాళ్లందరి గుండెలూ కుదుటపడుతుంటే, తాను దగ్గరుండి చూసుకునే తండ్రి గుండె మాత్రం దడదడలాడుతోందని నలుగురి ముందు తేలింది. హల్వా సగం తిని పొట్లం కట్టి పక్కన పెట్టేసింది.

మధ్యాహ్నం అన్నాల టైములో వీధి చివర మందుల షాపుకు వెళ్లింది. నాన్న మాత్రలు ఇంకో వారంలో అయిపోతాయి. పాత చీటీ చూపించి తెల్లమాత్ర అడిగితే షాపతను ఆమె వైపు వింతగా చూశాడు.

“అది వెనక్కి తీసేసుకున్నారు కదా మేడం.”

“ఎందుకు?”

“కే ఏడుతో మొదలయ్యే బ్యాచీల్లో మందు రెట్టింపు పడిపోయిందట. గుండె మరీ నెమ్మదైపోయి మనుషులు పడిపోతున్నారు. వెంటనే మానేసి డాక్టరుకు చూపించుకోమని ఈ నెల రెండో తారీఖునే అన్ని పేపర్లలో వేశారు, టీవీలో చెప్పారు, అందరి ఫోన్లకూ వచ్చింది. మీరు చూడలేదా?”

ఆ రోజు ఇరవై నాలుగో తారీఖు. పదిహేడు వేల చోట్ల కబుర్లలో అదీ ఆమె తెర మీద పడే ఉంటుంది, తన ఫోన్లోనేమో మూడే బ్లాగులు.

సుభాషిణి షాపు మెట్టు మీదే నిలబడి ఫోను తీసింది. ప్రయోగశాలవాళ్లకు మాత్రమే కనిపించే జాబితా ఒకటి ఉంది. ఎవరికి ఏయే కబుర్లు ఆపి ఉంచారో అందులో ఉంటుంది. ఎనిమిది నెలల్లో దాన్ని తెరిచి చూసినవాళ్లు లేరు, గీతలు బాగున్నప్పుడు చూడాలని ఎవరికి తోస్తుంది? దాలినాయుడు పేరు కింద నలభై ఒక్క కబుర్లు ఉన్నాయి. రెండో తారీఖు నాటిది తెల్లమాత్ర కబురు. దాని పక్కన 'వేళ' రాసుకున్న కారణం కూడా ఉంది. చదివేవారి నాడి మామూలుగా లేదు, వేచి ఉన్నాను. మూడో తారీఖూ అదే. నాలుగో తారీఖూ అదే. ఇరవై నాలుగు దాకా రోజూ అదే మాట.

నాడి మామూలుగా ఉంటేగానీ ఆ కబురు చెప్పదు. నాడి మామూలుగా లేకపోవడానికి కారణం ఏమిటో ఆ కబురులోనే ఉంది. యంత్రం తన పని తాను నమ్మకంగా చేసింది. ఏదో తేడాగా ఉందని ఇరవై రెండు రోజులుగా రాసి పెడుతూనే ఉంది. చదవాల్సినవాళ్లు హల్వా తింటున్నారు.

ఆమె నాన్నకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. దొరికిన ఆటో ఎక్కి కంచరపాలెం పోనిమ్మంది. దారి పొడుగునా చేస్తూనే ఉంది. ఎనభై అన్న అంకె ఆమె బుర్రలో తిరుగుతోంది. మాత్ర గుండెను నెమ్మది చేస్తుంటే నాన్నది పెరగడమేమిటి? పడిపోయే ముందు అలా పెరుగుతుందేమో. ఆమె డాక్టరు కాదు, ఏమీ తెలియదు, భయం మాత్రం బాగా తెలుసు.

ఇంటికి తాళం వేసి ఉంది. తన తాళంతో తీసింది. ఫోను టీవీ పక్కన పడి ఉంది. అలమరలో మాత్రల షీట్లు తీసి చూసింది. వెనక కే ఏడు అని స్పష్టంగా అచ్చయి ఉంది. ఒకటో తారీఖున తానే తెచ్చిన షీట్లు. గుంటలు లెక్కపెట్టింది. రోజుకొకటి చొప్పున, ఒక్క రోజు కూడా తప్పకుండా, ఖాళీ అయ్యాయి. ఆ షీటు పట్టుకునే వీధిలోకి పరుగెత్తింది.

దాలినాయుడు ఎక్కడికి పోతాడో వీధిలో అందరికీ తెలుసు, కూతురికి తప్ప. రెండు సందుల అవతల సింహాచలం సెలూనులో, కుర్చీలో వెనక్కి వాలి, గడ్డం నిండా నురుగుతో కళ్లు మూసుకుని ఉన్నాడు. పక్కన సింహాచలం ఒక చేత్తో కత్తి పట్టుకుని, రెండో చేతిలోని పేపరు బిగ్గరగా చదువుతున్నాడు.

“నాన్నా,” అంది సుభాషిణి.

ఆయన కళ్లు తెరిచాడు. కూతురి చేతిలో మాత్రల షీటు చూశాడు. “ఇప్పుడొచ్చీసినావేటి తల్లీ? ఆఫీసు లేదా?”

“ఈ మాత్ర వేసుకోకూడదు నాన్నా. ఇది…”

“అదా. అది మానీసి ఇరవై రోజులు దాటిపోనాది.”

సుభాషిణి సెలూను బల్ల మీద కూలబడింది. ఏడవబోతే నవ్వొచ్చింది, నవ్వబోతే ఏడుపొచ్చింది. సింహాచలం పేపరు మడిచి ఆమెకు మంచినీళ్లు ఇచ్చాడు.

“రెండో తారీకు పేపర్లో నానే సదివినాను మేడం,” అన్నాడు. “ఆ పూటే మీ నాన్నగార్ని ఆటోలో ఎక్కించి డాక్టరు దగ్గరకి తీస్కెల్లిపోనాను. వేరే మాత్ర రాసినారు. దానికి అలవాటు పడీదాకా గుండె కాసింత జోరుగా కొట్టుకుంటాదనీ, భయపడొద్దనీ సెప్పినారు.”

“పేపరు చదవనని సంతకం పెట్టావు కదా నాన్నా.”

“సదవలేదమ్మా. సింహాచలం సదివినాడు, నానిన్నాను. ఇనకూడదని మీ కాయితంలో లేదు, సూసుకో.”

“మరి ఈ షీట్లెలా ఖాళీ అయ్యాయి?”

“రోజుకొకటి తీసి పారీస్తున్నాను. లేపోతే నువ్వు సూసీసి అడిగీవు.” ఆయన తుండుతో నురుగు తుడుచుకున్నాడు. సగం గడ్డం గీసి, సగం తెల్లగా మిగిలి ఉంది. “నీ మిషనే నాకీ మాట సెప్పలేదని తెలిస్తే నీ మొకం ఎలాగైపోతాదో నాకు తెలీదేటి? మూడేళ్లు దాని ఎనకే పడున్నావు. వచ్చీ వారం మీకు పెద్ద మీటింగన్నావు కదా, అదయిపోనాక, నువ్వు కుదురుగా ఉన్నప్పుడు, అన్నం పెట్టీసి సెబుదామనుకున్నాను.”

సుభాషిణికి ఒళ్లంతా తేలికైపోయింది. ఇంత తేలిక ఆమెకు ఎన్నో ఏళ్లుగా తెలియదు. తండ్రి చెయ్యి పట్టుకుని బొటనవేలితో నాడి చూసింది. యంత్రం లేకుండా చూడటం అదే మొదటిసారి. టకటకా, గట్టిగా కొట్టుకుంటోంది. పొద్దున్న అందరి ముందూ తల వంచుకునేలా చేసిన ఆ పైకి పోయే గీత, తొమ్మిది మందిలోకీ బాగున్న ఒకే ఒక్క మనిషిది.

ఆ ఆలోచన రాగానే ఆమె చెయ్యి వదిలేసింది. మిగతా ఎనిమిది మంది.

“వాళ్లకు ఎవరో ఒకరు సెప్పీసుంటారనుకున్నాను,” అన్నాడు దాలినాయుడు, ఆమె చెప్పింది విని. ఆయన మొహంలో నవ్వు పోయింది. “నిజంగా పేపరు మానీసిన వాళ్లుంటారేటి?”

ఉన్నారు. సంతకం పెడితే మాట తప్పకూడదనుకునేవాళ్లు ఈ దేశంలో ఇంకా ఉన్నారు. 'వేళ'లో చేరినవాళ్లలో చాలామంది అలాంటివాళ్లే.

సెలూనులోంచే ఆమె మార్తాండరావుకు ఫోను చేసింది. నాలుగు మాటల్లో చెప్పింది. ఇప్పుడు అందరికీ చెప్పేస్తే ఎనిమిది నెలల ప్రయోగం బూడిదలో పోసినట్టేనని ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆయన ఆ ఊసెత్తితే ఏం సమాధానం చెప్పాలా అని ఆమె పళ్లు బిగించుకుని ఉంది.

“నలభై ఎనిమిది అని చూసి సంబరపడ్డాను కదమ్మా,” అన్నాడు ఆయన. “వరసలో మొదటి నలుగురికీ నేను చేస్తాను. తర్వాతి నలుగురికీ నువ్వు చెయ్యి. ఎవరైనా పలక్కపోతే ఇంటికి వెళ్దాం.”

ఒక గంటలో ఏడుగురు దొరికారు. గాజువాకలో ఒకాయన మత్తుగా పడుకుని ఉంటే కొడుకు అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పెందుర్తిలో ఒకావిడ రెండుసార్లు స్నానాల గదిలో పడిందట, ఎవరికీ చెప్పలేదట. అందరూ మాత్ర మానేశారు, అందరూ డాక్టరు దగ్గరికి బయల్దేరారు. ఎనిమిదో మనిషి నూకరత్నం. భీమిలిలో ఒంటరిగా ఉంటుంది. ఆమె ఫోను మోగుతోంది గానీ ఎవరూ తియ్యడం లేదు. ఆ ఉదయం గోడ మీద చూసిన నలభై ఎనిమిది ఆమెదే.

“నడు ఎల్దాం,” అని దాలినాయుడు సగం గడ్డంతోనే చొక్కా తొడుక్కున్నాడు.

పిలిపించిన అద్దె కారు సముద్రం ఒడ్డు రోడ్డెక్కాక సుభాషిణి ఏం చెప్పాలో గొణుక్కోవడం మొదలుపెట్టింది. మేం ప్రయోగశాల నుంచి వచ్చామండీ, మీరు వాడే మాత్రలో లోపం ఉందండీ. ఇంకోసారి మొదట్నుంచీ. దాలినాయుడు కాసేపు విన్నాడు.

“నువ్వు సెప్పొద్దు. నాను సెప్తాను.”

“ఎవరు చెప్తే ఏముంది నాన్నా?”

“నీ నోట్లోంచి వస్తే అది నోటీసులాగుంటాది.”

నూకరత్నం ఇల్లు ఒకే గది. తలుపు తీసే ఉంది. ఆమె గుమ్మానికి వీపు ఆనించి కూర్చుని ఉంది. తల ఒక పక్కకు వాలిపోయింది. సుభాషిణి అయిపోయిందనుకుంది. అంతలో ఆమె కళ్లు సగం తెరిచింది.

“ఎవరు బాబూ?”

“నాను దాలినాయుణ్ని. కంచరపాలెం. నీలాగే గుండె జబ్బోణ్ని,” అంటూ ఆయన నేల మీద ఆమె పక్కనే చతికిలబడ్డాడు. “ఏటి సెల్లీ, నిద్దరొస్తున్నాదా?”

“పొద్దస్తమానం నిద్దరే అన్నా. లెగిస్తే కళ్లు తిరుగుతున్నాయి.”

సుభాషిణి ఆమె మణికట్టు పట్టుకుంది. ఒక దెబ్బ కొట్టాక రెండోదాని కోసం ఎదురు చూడాల్సి వచ్చింది. నలభై ఒకటి. ఆమె తండ్రి వైపు చూసి తొందర పడమన్నట్టు తల ఊపింది. ఆయన తొందర పడలేదు, ఆలస్యమూ చెయ్యలేదు. నూకరత్నం చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

“ఏటైనా తిన్నావా?”

“గంజి తాగినాను.”

“సరే. ఇప్పుడో మాట సెప్తాను, గాబరా పడకు. నువ్వు బాగానే ఉన్నావు. మనకిచ్చిన తెల్లమాత్ర సరైంది కాదట, మందెక్కువ పడిపోనాదట. నాకూ ఇచ్చినారు. నాను మానీసినాను, ఇదిగో బాగున్నాను కదా. నువ్వూ మానీసి డాక్టరుకి సూపించుకోవాల. కారుంది, మా ఆడగుంట ఉంది, నానున్నాను. ఎల్లిపోదామా?”

నూకరత్నం ఆయన మొహంలోకి, అందులోనూ సగం గీసిన గడ్డంలోకి, కాసేపు చూసింది.

“ఓలమ్మ, మాత్రదా ఇదంతా?” అంది. “నాకు ముసిలితనం వొచ్చీసిందనుకున్నాను.”

అంతే. గుండె అదరలేదు, మనిషి బెదరలేదు. ఇన్నాళ్లూ ఏ మాట చెబితే ఆ గుండె ఆగిపోతుందని యంత్రం దాచిందో, ఆ మాట విని ఆమె ఇంకా కాస్త సర్దుకుని కూర్చుంది. సుభాషిణికి అప్పుడు బియ్యం డబ్బా గుర్తొచ్చింది. అందులో టెలిగ్రాం దాచిన రోజు అమ్మ ఊరికే ఉండలేదు. నాన్న అన్నం తింటున్నంతసేపూ విసనకర్ర పట్టుకుని పక్కనే కూర్చుంది, కదల్లేదు. ఆ సంగతి సుభాషిణి ప్రయోగశాలలో ఎవరికీ చెప్పలేదు. చెప్పేటంత విషయమని తోచలేదు. మన ఇళ్లలో కబురు ఆపితే, ఆపినవాళ్లు ఆ మనిషిని వదిలి వెళ్లరు. 'వేళ' కబురు ఆపింది, పక్కన ఎవరూ కూర్చోలేదు. అసలు తప్పు అది. అది చేసింది తానూ, తనతో పనిచేసేవాళ్లూ.

ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని నూకరత్నాన్ని కారెక్కించారు. ఎండ ఉండగానే ఆసుపత్రికి చేరారు. గంట తర్వాత డాక్టరు బయటికొచ్చి, ఇంకో రెండు మూడు రోజులు అదే మాత్ర వేసుకుని ఉంటే చెప్పలేకపోయేవాళ్లమనీ, ఇప్పుడు మాత్రం ఫర్వాలేదనీ చెప్పింది. సుభాషిణి వరండాలో గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి పీల్చుకుంది. దాలినాయుడు పక్కింటివాళ్ల పెళ్లికి వచ్చినవాడిలా ఆసుపత్రిలో అందరినీ పలకరిస్తూ తిరిగి, ఆకలేస్తోందని ఇడ్లీలు తెప్పించుకున్నాడు.

మర్నాడే మార్తాండరావు 'వేళ'ను ఆపించాడు. ఆపి ఉంచిన కబుర్లన్నీ ఎవరివి వాళ్లకు అందేలా చేశాడు. యంత్రంతో కాదు, మనుషులతో. రెండు వందల పదహారు మందినీ ఒకే ప్రశ్న అడిగారు. మీకు చెప్పడానికి కష్టమైన కబురు ఏదైనా ఉంటే, మీ పక్కన కూర్చుని చెప్పేదెవరు? ఇక మీదట ఆ మనిషికి ముందుగా తెలియనిచ్చి, వాళ్లు ఒప్పుకుంటేనే 'వేళ' దేన్నైనా ఆపాలి. ఒప్పుకునేవాళ్లు లేకపోతే ఆపకూడదు. మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాలి కాబట్టి ఇంకో రెండేళ్లు పడుతుంది. మార్తాండరావు ఈ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో బాధ కంటే పెద్ద బరువు దిగినట్టే ఎక్కువ కనిపించింది.

నూకరత్నం ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేదు. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని, తనను చూడవచ్చిన సుభాషిణిని ఎగాదిగా చూసింది. అప్పటికి మూడో రోజు, మధ్యాహ్నం. తల దగ్గర తెర మీద ఆకుపచ్చ అంకె అరవై ఆరు చూపిస్తోంది.

“మరైతే, నా దగ్గర ఇంకేటేటి దాచీసినారు?”

సుభాషిణి ఫోను తీసింది. “అరవై మూడు ఉన్నాయమ్మా.”

“ఓలమ్మ. అన్నేటి? సదువు.”

సుభాషిణి స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. తెల్లమాత్ర కబురు అందరికీ తెలిసిందే కాబట్టి దాటేసింది. భీమిలిలో రేషన్ షాపు వేరే వీధికి మారింది. అందుకా మొన్న ఎల్తే తలుపులేసున్నాయి అంది నూకరత్నం. కోళ్లకు ఏదో తెగులు సోకుతోంది. నాకు కోళ్లు లేవు కదా, ఇదెందుకు దాచినారంది. వేటకెళ్లిన పడవ ఒకటి దారి తప్పి, నాలుగు రోజులకు అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. తప్పిందన్న కబురూ ఆగింది, తిరిగొచ్చారన్న కబురూ ఆగింది.

పదిహేనో కబురు దగ్గర సుభాషిణి ఆగింది. ఫోను ఒళ్లో పెట్టుకుని, నూకరత్నం చెయ్యి పట్టుకుంది.

“మీరు పనిచేసిన బడిలో పెద్ద టీచరు వరహాలమ్మగారు…”

“పోయినాదా?”

“మొన్న మాఘమాసంలోనమ్మా. నిద్రలోనే పోయారట.”

అంకె ఎనభై దాటింది. నర్సు తలుపు దగ్గర నుంచి తొంగి చూసింది. నూకరత్నం కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇరవై రెండేళ్లు ఆ టీచరమ్మకు తానే టీ పెట్టిచ్చాననీ, చక్కెర తక్కువైతే తిట్టేదనీ చెప్పింది. తిట్లు ఎలా ఉండేవో కూడా చెప్పి, కాస్త నవ్వింది. అంకె మెల్లగా దిగింది. డెబ్బై నాలుగు, డెబ్బై, అరవై ఎనిమిది. తనంతట తానే దిగింది.

“సదువమ్మా,” అంది.

ముప్పై రెండోది చూసి సుభాషిణి నొసలు ముడిచింది. అందులో చావూ లేదు, ప్రమాదమూ లేదు, మందూ లేదు. ఆ బడి పాత విద్యార్థులు నడుపుకునే బ్లాగులో ఎవరో రాసిన చిన్న వ్యాసం. ఐదు నెలల కిందటిది. గుండె అదురుతుందన్న అనుమానంతో 'వేళ' ఆపింది. ఎందుకు అదురుతుందో సుభాషిణికి రెండో వాక్యంలో తెలిసింది.

“ఇది మీ గురించేనమ్మా.”

“నా గురించేటి?”

“వినండి. మా బడికి ఒక ఆయమ్మ ఉండేది, పేరు నూకరత్నం. మేం చేపల పల్లె పిల్లలం, వలలు సర్ది వచ్చేసరికి రోజూ ఆలస్యమయ్యేది. గేటు దగ్గర పెద్ద టీచరు బెత్తం పట్టుకుని నిలబడేవారు. ఆయమ్మ వెనక వైపు నీళ్లకుండల దగ్గరి తలుపు తీసి ఉంచేది. ఒక్కొక్కరినీ లోపలికి తోసి, మొహాలు కడిగించి, వరసలో నిలబెట్టేది. ఆ తలుపు లేకపోతే మాలో సగం మంది రెండో తరగతిలోనే బడి మానేసేవాళ్లం. ఇప్పుడు నేను నర్సును, నా చెల్లెలు లెక్కల టీచరు. ఆయమ్మ ఎక్కడుందో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. మేం పదకొండు మందిమి చూడాలనుకుంటున్నాం.”

అంకె ఎనభై ఎనిమిదికి పోయింది. ఎక్కడో చిన్నగా గంట మోగింది. నర్సు గబగబా లోపలికొచ్చి, ఆపెయ్యండి, పేషెంటును ఇలా కదిలిస్తే ఎలాగండీ అని సుభాషిణిని కోప్పడింది.

నూకరత్నం చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. ఆమె తుడుచుకోలేదు. నర్సు చెయ్యి పట్టి మంచం అంచున కూర్చోబెట్టుకుంది.

“నువ్వూ కూకోమ్మా, ఇందువు గానీ,” అని, సుభాషిణి వైపు తిరిగింది. “మళ్లీ మొదట్నుంచి సదువు. నిదానంగా.”

సుభాషిణి మొదట్నుంచి చదివింది. తల దగ్గర తెర మీద అంకె ఎంతుందో ఈసారి ముగ్గురిలో ఎవరూ చూడలేదు.